రెండు రోజుల కరాటే - ఎవరి మీద?

విజయవాడలో ఏ ఆడపిల్ల మీదో అఘాయిత్యం జరిగి పేపర్లలో నాలుగు రోజులు పెద్దక్షరాల వార్తలు వచ్చాయంటే, ఆ వెనకే ఏదో ఒక క్లబ్బు ఆవరణలో కరాటే శిబిరం వెలుస్తుంది. శని, ఆదివారాలు, రెండే రోజులు. తెల్లబట్టల్లో మాస్టారు, ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లులు, ఆఖర్న సర్టిఫికెట్లు, గ్రూపు ఫోటో. 'స్త్రీ అబల కాదు, సబల' అని ముఖ్య అతిథి ఉపన్యాసం. సోమవారం జిల్లా ఎడిషన్లో ఫోటో పడుతుంది. ఆ ఫోటోలోని పిల్లలు ఏ ఇంటికి వెళ్ళారో, ఆ ఇంట్లో ఎవరున్నారో ఎవరూ రాయరు.

'ఈ స్త్రీవాదులకు ఏం చేసినా తప్పే' అనే మాట మనకు కొత్త కాదు కనుక ముందే చెబుతున్నాను, నేను కరాటేకు వ్యతిరేకిని కాను. ఈ శిబిరాల్లో నాకు బాగా నచ్చే ఘట్టం ఒకటుంది. దెబ్బ వేసేటప్పుడు పొత్తికడుపులోంచి గట్టిగా అరవమంటారు. దాన్ని 'కియాయ్' అంటారు. మొదటిసారి అరవమనేసరికి పదిహేనేళ్ళ పిల్లలు నవ్వుతారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు, పక్కపిల్ల వంక చూస్తారు. ఆడదాని గొంతు గడప దాటకూడదని పుట్టినప్పటి నుంచీ ఇచ్చిన శిక్షణ అది. అయినా ఆదివారం మధ్యాహ్నానికి గొంతు లేస్తుంది. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడటం, ఎదుటి మనిషి కళ్ళలోకి సూటిగా చూడటం కూడా వస్తాయి. ఒళ్ళు దగ్గర పెట్టుకోమని తప్ప మరేమీ వినని పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు.

నా తగువల్లా ఆ శిబిరంలో ఊహించుకునే శత్రువుతో. వాడెప్పుడూ చీకటి సందులో వెనక నుంచి వచ్చి మెడ పట్టుకునే ముక్కూమొహం తెలియనివాడే. మన జీవితాల్లో హింస చేసేది ఎక్కువగా వాడేనా? జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో ఏటా నమోదయ్యే అత్యాచార కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే. 2022లో దేశంలో స్త్రీల మీద నేరాలు సుమారు 4 లక్షల 45 వేలు నమోదైతే, అందులో అన్నిటికన్నా పెద్ద వాటా, 31 శాతం, భర్త, అతని బంధువులు పెట్టిన హింసదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి ముప్ఫై మంది భర్త చేతి హింస చవిచూసినవాళ్ళు. బాబాయి వరసైన వాడి గడ్డం మీద మోచేత్తో కొట్టమని ఏ మాస్టారు నేర్పుతున్నారు? రాత్రి మొగుడి దగ్గర మణికట్టు విడిపించుకున్నాక, తెల్లారి ఆమె ఎక్కడికి పోవాలో ఏ బెల్టు చెబుతుంది?

మన డెల్టానే చూడండి. నాట్లకు తీసుకుపోయే ముఠా మేస్త్రి, రొయ్యల షెడ్డులో సూపర్‌వైజరు, బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు యజమాని - వీళ్ళెవరూ మెడ పట్టుకుని రారు. వచ్చే వారం కూలీ చేతిలో పట్టుకుని వస్తారు. వాణ్ణి తన్నటానికి బలం కాదు కావలసింది, మర్నాడు పని పోకుండా ఉండటం. పదిమంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలనీ, అది లేని చోట, యజమానే నిందితుడైన చోట జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలనీ 2013 చట్టం చెబుతోంది. శిబిరం కరపత్రంలో ఆ కమిటీ చిరునామా మీరెప్పుడైనా చూశారా?

2004లో విజయవాడలో ఒక ఎం.సి.ఎ. విద్యార్థినిని తరగతి గదిలోనే, తోటి విద్యార్థుల కళ్ళముందే కత్తితో చంపాడొకడు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలో ఒక ఫార్మసీ విద్యార్థినిని ఆమె ఉంటున్న హాస్టల్లోనే అత్యాచారం చేసి చంపారు. ఆ కేసులో 2010లో విజయవాడ కోర్టు ఒక యువకుడికి శిక్ష వేసింది; 2017లో హైకోర్టు అతను నిర్దోషి అని విడిచిపెట్టింది; 2018లో దర్యాప్తు సి.బి.ఐ.కి వెళ్ళింది. హాస్టలుకు భద్రత లేదు, దర్యాప్తుకు నిజాయితీ లేదు. ఈ రెండు లోట్లనూ పూడ్చవలసింది ఆడపిల్ల కాలి పిక్కలా? 2024 ఆగస్టులో గుడ్లవల్లేరులో ఇంజనీరింగు విద్యార్థినులు హాస్టలు స్నానాలగదుల్లో రహస్య కెమెరాలున్నాయంటూ రాత్రివేళ ఆందోళనకు దిగారు. కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు ప్రకటించారు. దొరికినా దొరకకపోయినా, ఆ పిల్లలు అడిగింది తమ మాట వినే మనిషిని.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది. 'కరాటే నేర్చుకుంది కదా, మరి ఎందుకు కొట్టలేదు?' అనే ప్రశ్న. మథుర కేసు మనం మరిచిపోయామా? పోలీస్ స్టేషన్లో ఒక ఆదివాసీ బాలికను చెరిచిన పోలీసులను, ఆమె ఒంటిమీద గాయాలు లేవు, ప్రతిఘటించలేదు కనుక ఒప్పుకున్నట్టే అని 1978లో సుప్రీంకోర్టు వదిలేసింది. దాని మీద నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు బహిరంగ లేఖ రాశారు, దేశమంతటా స్త్రీలు రోడ్డెక్కారు, 1983లో చట్టం కొంత మారింది. శారీరకంగా ప్రతిఘటించనంత మాత్రాన అంగీకారం అనుకోరాదని చట్టంలో రాయించుకోవడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. భయంతో కాళ్ళూచేతులూ కొయ్యబారిపోవడం శరీర ధర్మం, పిరికితనం కాదు. ఈ మాట చెప్పకుండా తన్నడం మాత్రమే నేర్పే శిబిరం, మనం ముందు గుమ్మంలోంచి గెంటేసిన మథుర తీర్పును పెరటి గుమ్మంలోంచి లోపలికి పిలుస్తోంది.

ఇంకొక విచిత్రం. అత్యాచారం, యాసిడ్ దాడి వంటివి ఎదురైనప్పుడు ఆత్మరక్షణ కోసం దాడిచేసినవాణ్ణి చంపినా నేరం కాదని పాత శిక్షాస్మృతి 100వ సెక్షనూ, ఇప్పటి న్యాయ సంహిత 38వ సెక్షనూ చెబుతున్నాయి. తన్నడం నేర్పేవాళ్ళు తన్నే హక్కు ఉందని మాత్రం చెప్పరు!

స్త్రీలు తిరగబడటం కొత్తేమీ కాదు. తెలంగాణ పోరాటంలో రోకళ్ళు, కారప్పొడి పట్టుకున్న స్త్రీల మాటలు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా వచ్చాయి. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమంలో ఆడవాళ్ళు చీపుళ్ళతో పాకెట్ల జీపులను ఊళ్ళోకి రానివ్వలేదు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. వాళ్ళకు ఏ మాస్టారూ పట్లు నేర్పలేదు. పక్కింటి ఆమె కూడా వస్తుందన్న నమ్మకం ఉంది. శిబిరంలో యాభైమంది పిల్లలు వరసల్లో నిలబడతారు గాని, ఒకరి పేరు ఒకరికి తెలియకుండానే ఇళ్ళకు పోతారు.

రెండు రోజుల్లో ఏం సాధ్యం అంటారా? సాధ్యమే. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది విద్యార్థినులతో చేసిన పరిశోధన 2015లో వెలువడింది. శిక్షణ మొత్తం పన్నెండు గంటలు, అంటే సరిగ్గా మన శని ఆదివారాలు. శిక్షణ పొందినవాళ్ళలో ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు నూటికి 5.2, కరపత్రాలు మాత్రమే అందుకున్నవాళ్ళలో 9.8. ఆ పన్నెండు గంటల్లో తన్నులూ గుద్దులూ ఒక భాగమే. తెలిసినవాడి ప్రవర్తనలో ప్రమాదాన్ని గుర్తుపట్టడం, వాడి మీద గొంతెత్తడానికి అడ్డొచ్చే మొహమాటాన్ని గుర్తుపట్టి దాటడం, తన కోరిక ఏమిటో తను తెలుసుకోవడం మిగతావి. మొహమాటం! మన ఆడపిల్ల మెడకు పడే అసలు పట్టు అదే కదా.

ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణకు సమగ్ర శిక్ష కింద నెలకు అయిదు వేల చొప్పున ప్రతి బడికీ కేటాయింపు ఉంది. డబ్బులకు లెక్క అడుగుదాం, నేర్పేదానికీ లెక్క అడుగుదాం. మన సంస్థల్లో ప్రాజెక్టు నివేదికలు రాసే మిత్రులకు కూడా ఒక మాట. 'శిక్షణ పొందిన బాలికల సంఖ్య' అనే గడి పక్కన ఇంకో రెండు గడులు గీయండి: శిబిరం తర్వాత ఎంతమంది నోరు విప్పి ఫలానావాడు అని పేరు చెప్పారు, చెప్పినవాళ్ళలో ఎంతమందికి మనం తోడు వెళ్ళాం. ఈసారి క్లబ్బువాళ్ళు ముఖ్య అతిథిగా పిలిస్తే మాత్రం వెళ్ళండి. ఉపన్యాసం మానేసి, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు అడగండి. మగవాళ్ళను, తల్లులను కాసేపు బయట కూర్చోబెట్టి తలుపు వెయ్యండి.