పందుల పేరు చెప్పి పిస్తోలు కొనుడెందుకు? చట్టం రాసిచ్చిన తుపాకీనే అడుగుదాం

పోస్టు కొంచెం పొడుగైంది. ఓపికతోని చివరిదాకా చదవండి.

మక్క చేన్లు కంకి పట్టే టైమొచ్చింది, అడవి పందులు దిగుతున్నయి. ఇదే అదను అన్నట్టు ఫోన్లల్ల ఒక బేరం తిరుగుతున్నది. "పాతకాలం పిస్తోలుకు నకలు, మందు కూరి పేల్చేది, ధర తక్కువ, లైసెన్సు అక్కర లేదు" అంట. మన పాల్మాకుల దిక్కు కూడ పిలగాండ్లు ఆ వీడియోలు ఒకరికొకరు పంపుకుంటున్నరు. పంట కాపాడుకోనీకే అంటున్నరు గనుక ఈ మాట తేల్చుకోవాలె.

లైసెన్సు అక్కర లేదన్న మాట ఎక్కడిది? అమెరికాది. అక్కడ 1968లో తెచ్చిన గన్ కంట్రోల్ చట్టంలో, మందు కూరే పాతకాలం తుపాకులను, వాటి నకళ్లను మామూలు తుపాకుల లెక్కలోంచి తీసేసిండ్రు. అందుకే ఇటలీలో ఉబెర్టి, పియెట్టా అనే కంపెనీలు 1851 నాటి కోల్ట్ నేవీ లాంటి పిస్తోళ్లకు నకళ్లు చేసి పంపితే, అక్కడ చాలా రాష్ట్రాల్లో పోస్టులోనే ఇంటికొస్తయి. ఆ వీడియోలు చూసి ఇక్కడ బేరం పెట్టుడు మోసం.

మన దగ్గర ఉన్నది 1959 ఆయుధాల చట్టం. మందు బలంతో గుండును పంపేది ఏదైనా ఆ చట్టం కింద తుపాకే. పాతకాలం ఆయుధానికి మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అది రిపేరు చేసినా పేలని స్థితిలో ఉంటేనే. పేలేదైతే నకలైనా అసలైనా ఒక్కటే. లైసెన్సు లేకుండ దగ్గర పెట్టుకుంటే, 2019 సవరణ తర్వాత తక్కువలో తక్కువ రెండేండ్లు, ఎక్కువైతే ఐదేండ్లు జైలు. అమెరికాల ఉన్న అల్లుడు సూట్‌కేసుల తెస్తడు అనుకునేటోళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. లైసెన్సు లేకుండ దేశంలోకి తెచ్చుడు కూడ నేరమే. ఎయిర్‌పోర్టు మన ఊరి పక్కనే ఉన్నదని చట్టం మనకు చుట్టం కాదు.

సరే, కేసు సంగతి పక్కన పెడదాం. అసలు అది పందికి పనికొస్తదా? తుపాకి మందు అంటే నూరు పాళ్లలో డెబ్భై ఐదు పాళ్లు సూరేకారం, పదిహేను బొగ్గు, పది గంధకం. తేమ తగిలితే చెడిపోతది. పందులు దిగేది వానకాలం, రాత్రి పూట. పిస్తోలు గొట్టం పొట్టిది, చీకట్ల గురి నిలవదు. ఆరు గుండ్లదైనా ఒక్కో గదిలో మందు, గుండు విడిగా కూరాలె, వెనకాల టోపీ పెట్టాలె. సరిగ్గ కూరకపోతే ఒక గది నిప్పు పక్క గదికి అంటుకొని చేతిలోనే పేలుతది. దెబ్బ తిన్న పంది మీది మీదికొస్తది. ఇంక ఆ మందు డబ్బా ఎక్కడ పెడతవు తమ్ముడూ, పొయ్యి ఉన్న ఇంట్లోనా? 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో కార్బైడ్ గన్నులని అగ్గువకు అమ్మినవి కొని ఎంతమంది పిల్లల కండ్లు దెబ్బతిన్నయో చూసినం కదా.

మరి పందికి పనికిరానిది ఎందుకు కొంటున్నరు? గట్టు పంచాయితీల నడుముకు చెక్కుకొని పోనీకే, బరాత్‌ల గాల్లకు లేపనీకే. భూముల రేట్లు పెరిగినంక అన్నదమ్ముల మధ్యన హద్దురాళ్ల గొడవలు ఎట్లున్నయో మీకు నేను చెప్పేదేం లేదు. నోటి మాటతో పోయే లొల్లి, చేతిలో పిస్తోలుంటే పాడె దాకా పోతది. పంది పేరు చెప్పి కొన్నది మనిషి మీదికే లేస్తది.

"నీకేందన్నా, దరఖాస్తులు రాసుకుంట కూసుంటే పందులు ఆగుతయా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ అదే 1959 చట్టం పదమూడో సెక్షన్ ఎవరన్న చదివిండ్రా? నిజంగా పంట కాపాడుకోనీకే అయితే, మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇయ్యాలె అని అందులోనే ఉన్నది. అంటే మన తాతలు ఎరిగిన భర్మార్ లాంటిది. అది చాలదని అధికారికి తోస్తే, ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టమున్న వేరే తుపాకీకి కూడ ఇయ్యొచ్చు. పద్నాలుగో సెక్షన్ ప్రకారం, ఆస్తి తక్కువున్నదన్న ఒక్క సాకుతో కాదనొద్దు. రెండెకరాల రైతుకు ఇది పెద్ద మాట. కాదంటే కారణం రాసిపెట్టాలె, మీద అప్పీలు ఉంటది.

తుపాకీ ఉన్నంత మాత్రాన పందిని కొట్టొచ్చని కాదు. 1972 వన్యప్రాణి చట్టం పదకొండో సెక్షన్ కింద, పంట పాడు చేసే పందిని కొట్టనీకే అటవీ అధికారి రాతపూర్వకంగా పర్మిషన్ ఇయ్యాలె. కేరళలో 2022లో ఆ అధికారం స్థానిక సంస్థల అధ్యక్షుల చేతికే ఇచ్చిండ్రు. అక్కడ అయినప్పుడు మన ఊరి రైతుకు అధికారి చుట్టూ తిరుగుడు ఎందుకు?

ఇంకో మాట. పందులు దాక్కునేది ఎక్కడ? ప్లాట్లు చేసి, గోడ కట్టి, ఏండ్ల తరబడి వదిలేసిన వెంచర్లలో పెరిగిన సర్కారు తుమ్మ పొదల్లో. ఆ పొదలు కొట్టించేది వాటి ఓనర్లు, నష్టపోయేది మనం. గ్రామసభల ఈ ముచ్చట ఎందుకు లేవదు?

కాబట్టి పిస్తోలుకు పెట్టే పైసలు జేబులనే పెట్టుకోండి. ఒక్కడు దరఖాస్తు ఇస్తే బీరువాల పడేస్తరు. పంట నష్టం ఫోటోలు, పట్టా పాస్‌బుక్ నకళ్లు పట్టుకొని ఇరవై మంది ఒక్కసారి పోతే రసీదు ఇయ్యక తప్పదు. కాదంటే కారణం రాసిమ్మని అడగండి, అప్పీలుకు పోండి. కరెంటు తీగలు మాత్రం గుంజకండి, వాటికి పందేదో పాలేరేదో తెల్వదు.

చట్టంలో మనకోసం రాసిపెట్టిన వరుస ఉన్నది. దాన్ని అడగకుండ దొంగ బేరానికి పోతే, పంట పోగొట్టుకున్న రైతును తుపాకీ కేసుల ముద్దాయిని చేస్తరు. తప్పనిపిస్తే కింద రాయండి, జవాబిస్త. సరే అనిపిస్తే మీ ఊరి గ్రూపుల పెట్టండి.