అమ్మమ్మ కోసం పాన్నా కోటా

పాన్నా కోటా అంటే ‘వండిన క్రీమ్’. ఇటలీలో పీడ్‌మాంట్ వైపు డెజర్ట్. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ, గడ్డకట్టడానికి వేసేది జెలటిన్. అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసింది! మా అమ్మమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఆవిడకి చెప్పకుండా పెట్టడం నావల్ల కాదు. అందుకే మనింట్లో చైనాగ్రాస్.

250 మి.లీ. పాలలో ముప్పావు టీస్పూన్ చైనాగ్రాస్ పొడి, 4 స్పూన్ల పంచదార వేసి, కలుపుతూ 2 నిమిషాలు మరగనివ్వండి. జెలటిన్‌ని మరిగించకూడదు, దీన్ని మరిగించకపోతే సరిగ్గా కరగదు. స్టవ్ కట్టేశాక 250 మి.లీ. ఫ్రెష్ క్రీమ్, కాస్త వెనీలా. క్రీమ్ ముందే బయట పెట్టుకోండి బాస్, ఫ్రిజ్ చల్లదనంతో పోస్తే ఉండలు కడుతుంది. కప్పుల్లో పోసి 4 గంటలు ఫ్రిజ్‌లో పెట్టడమే.

పైన మామిడిరసం పోసిచ్చా. అమ్మమ్మ ఓ స్పూన్ తిని, ‘‘జున్నులా ఉందిరా’’ అంది.