పేను మీద నింద, రోగి మీద భారం

పేనుకొరుకుడు అన్న పేరులోనే అబద్ధం ఉంది. తలలో రూపాయి బిళ్లంత మేర జుట్టు నున్నగా ఊడితే పేను కొరికిందనేది పాత నమ్మకం. వైద్యులు అలోపేషియా ఏరియేటా అని పిలిచే ఈ జబ్బుకు పేనుతోనూ, శుభ్రతతోనూ నిమిత్తం లేదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారితప్పి, టి కణాలను వెంట్రుకల కుదుళ్ల మీదికి ఉసిగొల్పుతుంది. అయితే కుదురు చావదు. కాబట్టే జుట్టు మళ్లీ మొలిచే ఆశ ఉంటుంది.

నూటికి సుమారు ఇద్దరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడతారని అంచనా. ఒకటి రెండు మచ్చలైతే చాలామందికి వాటంతటవే మానుతాయి, లేదా స్టిరాయిడ్ ఇంజెక్షన్లతో తగ్గుతాయి. తలంతా, కనుబొమలతో సహా ఊడినవారి పరిస్థితే వేరు. వారికోసం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తొలి మాత్ర బారిసిటినిబ్‌ను ఆమోదించింది 2022 జూన్‌లోనే. రోజుకు 4 మిల్లీగ్రాముల చొప్పున 36 వారాలు వాడినవారిలో మూడోవంతుకు పైగా 80 శాతం తలకట్టు తిరిగి పొందారు.

కానీ ఇది ఉచిత వరం కాదు. కుదురుపై దాడిని ఆపే మందు, క్రిములపై పోరాటాన్నీ మందగింపజేస్తుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం, క్యాన్సర్ ముప్పుల గురించి మందుపైనే హెచ్చరిక ఉంటుంది. మానేస్తే చాలామందికి జుట్టు మళ్లీ రాలుతుంది. ప్రపంచ క్షయ రోగుల్లో నాలుగోవంతు మంది మన దేశంలోనే ఉన్నారు. ఒంట్లో దాగిన క్షయను పరీక్షించకుండా ఈ మాత్ర మింగడం చెలగాటమే.

ఇదే బారిసిటినిబ్ 2021లో కోవిడ్ చికిత్సకు అవసరమైంది. హైదరాబాద్ కంపెనీ నాట్కో తప్పనిసరి లైసెన్సు కోరింది. పేటెంటుదారు ఎలీ లిలీ దిగివచ్చి, నాట్కో సహా పలు దేశీయ కంపెనీలకు రాయల్టీ లేకుండా అనుమతులిచ్చింది. మహమ్మారి ఉన్నప్పుడు మందు అందుబాటు జాతీయ సమస్య అయింది. జుట్టు దగ్గరికొచ్చేసరికి అది సొంత సోకుగా మారిపోతుంది. ఈలోగా కీళ్లవాతానికి వచ్చిన టోఫాసిటినిబ్ జెనరిక్ మాత్రలనే చర్మవైద్యులు దీనికీ రాస్తున్నారు. నిపుణుడి చేతిలో అది చికిత్స. పరీక్షలు లేకుండా, పాత చీటీతో షాపులో కొంటే అదే ప్రమాదం.

దీన్ని అందం ఖాతాలోంచి తీసి రోగనిరోధక వ్యాధుల జాబితాలో చూడటం ప్రభుత్వాలు, బీమా సంస్థలు చేయాల్సిన మొదటి పని. అప్పుడే పరీక్షల ఖర్చు, ఏళ్లతరబడి పర్యవేక్షణ ఎవరి బాధ్యతన్న ప్రశ్నకు చోటు దొరుకుతుంది. బడిలో టోపీ తీయడానికి జంకే పిల్లకు కావలసింది తలనూనె ప్రకటనలు కాదు, జిల్లా ఆస్పత్రిలో ఓ చర్మవైద్యుడు.