ఇంగ్లిష్ మీడియం వచ్చింది, ఇంగ్లిష్ పీరియడ్ ఎప్పుడొస్తుంది?

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి ఇంగ్లిష్ మీడియం అమలవుతోంది. మొదట 1 నుంచి 8 తరగతులు, ఆ తర్వాత 9, 10 తరగతులు దాని కిందికి వచ్చాయి. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపుతూ మన పిల్లలకు మాత్రం మాతృభాష గొప్పతనం బోధించిన వాళ్లతో దళిత బహుజన ఉద్యమాలు ఏళ్ల తరబడి వాదించి సాధించుకున్న హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ఇచ్చిన జీవో 81ని 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసినప్పుడు ఆ వాదన ఎంత లోతైనదో మరోసారి చూశాం.

మీడియం గొడవ ఒక కొలిక్కి వచ్చింది. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా పెద్దది. ఆరు నుంచి పదో తరగతి దాకా వారంలో ఇంగ్లిష్ పీరియడ్లలో ఏం జరుగుతోంది? ఆ వారాన్ని ఎవరు, ఎప్పుడు ప్లాన్ చేస్తున్నారు?

మల్కాజ్‌గిరి వైపు వస్తే ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. మీర్జాలగూడ, సఫిల్‌గూడ, మౌలాలి గల్లీల్లో ఇంగ్లిష్ పేర్లతో ప్రైవేటు బడుల బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఆటో నడిపే నాన్న, ఇళ్లల్లో పనిచేసే అమ్మ అప్పు చేసైనా అక్కడికే పంపాలనుకుంటారు. ఆ ఫీజు కూడా కట్టలేని వాళ్ల పిల్లలు సర్కారు బడికి వస్తారు. వీళ్లకు ఇంట్లో ఇంగ్లిష్ వినపడదు, ట్యూషన్ ఉండదు, అల్మరాలో కథల పుస్తకాలు ఉండవు. వాళ్లకున్న ఇంగ్లిష్ అంతా ఆ పీరియడ్లోనే.

270 నిమిషాల లెక్క

ఆరు రోజుల బడి వారంలో రోజుకో పీరియడ్, 45 నిమిషాల చొప్పున వేసుకుంటే వారానికి 270 నిమిషాలు. అందులో సగం సమయం పిల్లలు మాట్లాడటానికి ఇచ్చినా, 45 మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరికి దక్కేది మూడు నిమిషాలే. ఆ మూడు నిమిషాలు కూడా దక్కుతున్నాయా?

చాలా బడుల్లో, సర్కారులోనూ ప్రైవేటులోనూ, వారం ఇలా గడుస్తుంది. సోమవారం టీచర్ పాఠం చదివి తెలుగులో అర్థం చెబుతారు. మంగళవారం బోర్డు మీద మీనింగ్స్. బుధ, గురువారాలు క్వశ్చన్ ఆన్సర్లు, గైడు చూసి రాసుకోవడం. శుక్రవారం గ్రామర్. శనివారం స్లిప్ టెస్ట్. నోటుబుక్కు నిండుతుంది, మార్కులూ రావచ్చు. ఆరు రోజుల్లో పిల్లవాడు సొంతంగా ఒక్క ఇంగ్లిష్ వాక్యం పలికి ఉండడు, రాసి ఉండడు. ఇంట్లో ఇంగ్లిష్ ఉన్న పిల్లవాడికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. నష్టమంతా మన పిల్లవాడిదే. కులం క్లాసులోకి ఇలా కూడా వస్తుంది, ఎవరూ ఎవరినీ తిట్టకుండానే.

పుస్తకంలోనే ఉన్న బాయాజీ కథ

2014లో వచ్చిన 10వ తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో ఐదో యూనిట్ పేరు 'సోషల్ ఇష్యూస్'. అందులో మరాఠీ దళిత రచయిత వామన్ హోవాళ్ కథ 'ది స్టోరీడ్ హౌస్' ఉంది. ముంబై డాక్‌లో పనిచేసి రిటైరైన బాయాజీ, సొంతూరికి వచ్చి మేడ ఇల్లు కట్టుకోవాలనుకుంటాడు. ఊరి పెత్తందారు కొండీబాకు అది నచ్చదు. గృహప్రవేశం రాత్రి ఇల్లు తగలబడుతుంది, బాయాజీ చనిపోతాడు. కొడుకులు భయపడి ఊరు వదలరు, ఇంకా పెద్ద మేడ కోసం పునాది తవ్వడం మొదలుపెడతారు.

బస్తీలోని సగం క్లాసుకు ఇది తమ తాతల కథ. అలాంటి పాఠం కూడా "బాయాజీ ఎవరు? ఎక్కడ పనిచేశాడు?" అనే ప్రశ్నలకు జవాబులుగా ముగిసిపోతుంది. కులం అనే మాట దగ్గర చాలాసార్లు పేజీ తిరిగిపోతుంది. ఇదే పాఠానికి వారం ప్లాన్ ఇలా ఉండొచ్చు.

సోమవారం పుస్తకం తెరవొద్దు. మీ బస్తీలో మొదటి మేడ ఎవరు కట్టారు, అప్పుడు చుట్టుపక్కల వాళ్లు ఏమన్నారు అని తెలుగులోనే మాట్లాడించాలి. వాళ్ల మాటల్లోంచి పది ఇంగ్లిష్ పదాలు బోర్డు మీదకు రావాలి.

మంగళవారం నలుగురేసి గుంపులుగా మొదటి భాగం చదవాలి. అర్థం కాని చోట గీత గీయాలి. టీచర్ గుంపుల మధ్య తిరుగుతారు, పాఠం మొత్తం అనువదించరు.

బుధవారం ఒక్కటే ప్రశ్న: కొండీబాకు మేడ అంటే ఎందుకు కోపం? చర్చ తెలుగులో జరగనివ్వాలి, చివరి జవాబు మాత్రం ప్రతి గుంపూ మూడు ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పాలి.

గురువారం రెండో భాగం. పాత్రలు పంచుకుని సంభాషణలు పలకాలి. వెనక బెంచీ పిల్లలకు ముందు అవకాశం ఇవ్వాలి.

శుక్రవారం రాత పని. బాయాజీ కొడుకు పోలీస్ స్టేషన్‌కు ఇచ్చే ఫిర్యాదు ఇంగ్లిష్‌లో రాయాలి. ఎస్సీ, ఎస్టీల ఇళ్లను తగలబెట్టడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద యావజ్జీవ శిక్ష పడే నేరమని ఆ రోజే చెప్పొచ్చు. లెటర్ రైటింగ్ ఎలాగూ నేర్పాల్సిందే.

శనివారం ఆ ఉత్తరాలను పైకి చదివించాలి. గ్రామర్ వాటిలోంచే రావాలి. వారానికి ఒకే అంశం దిద్దాలి, ఈ వారం భూతకాలం చాలు.

ఆరు, ఏడు తరగతులకు ఇదే పద్ధతి చిన్న కథతో సరిపోతుంది. అయితే చదవడమే రాని పిల్లలకు రోజూ మొదటి పదిహేను నిమిషాలు విడిగా చదివించాలి. పదో తరగతి జనవరిలో పెట్టే ప్రత్యేక తరగతులు ఆరో తరగతి జూన్‌లో పోగొట్టుకున్న దాన్ని తిరిగి ఇవ్వలేవు.

టీచర్‌కు టైమ్ ఎక్కడిది?

ఈ మాట అనగానే వచ్చే మొదటి జవాబు ఇదే, అందులో నిజం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ టీచర్‌కు వారానికి 45 గంటలు నిర్ణయించింది, ప్రిపరేషన్ సమయం కూడా కలిపే. 6-8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు, 35 మందికి ఒక టీచర్ ఉండాలని అదే చట్టం చెప్పింది. అంటే పాఠం ప్లాన్ చేసుకోవడం టీచర్ ఇంటి దగ్గర చేసే ఉచిత సేవ కాదు, చట్టం లెక్కగట్టిన పని. ఆ గంటల్ని ఆన్‌లైన్ ఎంట్రీలు, ఫొటో అప్‌లోడ్లు, రిపోర్టులు తినేస్తుంటే అడగాల్సింది ప్రభుత్వాన్ని. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు ప్రకటించి నియామకాలు చేశారు. కొత్తగా వచ్చిన టీచర్లకు ప్రిపరేషన్ గంట టైమ్‌టేబుల్‌లో ఉందా?

రెండో జవాబు మాత్రం ఒప్పుకోలేం. "వీళ్లకు ఇంగ్లిష్ ఎక్కదండీ" అనే మాట స్టాఫ్ రూముల్లో ఇంకా వినిపిస్తుంది. భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాద్ ఇసామియా బజార్‌లో ఆది హిందూ పిల్లల కోసం బడి పెట్టినప్పుడు కూడా చదువు వీళ్లకెందుకు అన్నవాళ్లు ఉన్నారు. మల్కాజ్‌గిరికి పక్కనే ఉన్న చిలకలగూడలో పుట్టిన ఈశ్వరీబాయి టీచర్‌గా పనిచేసి, సొంతంగా బడి నడిపి, తర్వాత శాసనసభలో నిలబడి మాట్లాడారు. ఎక్కడం ఎక్కకపోవడం పిల్లల పుట్టుకలో లేదు, వారం ఎలా గడిచిందన్న దానిలో ఉంది.

ఏం అడగాలి?

విద్యాహక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, అణగారిన వర్గాలకు వాళ్ల సంఖ్యను బట్టి చోటివ్వాలి. బడి పనితీరును చూడటం ఆ కమిటీ పని. గోడలు, టాయిలెట్ల గురించి అడిగినట్టే ఈ నాలుగూ అడగాలి: ప్రతి తరగతి ఇంగ్లిష్ వారం ప్లాన్ నోటీసు బోర్డు మీద పెట్టారా? గైడు లేకుండా పిల్లలు రాసిన పేజీ వారానికి ఒక్కటైనా ఉందా? టీచర్‌కు ప్రిపరేషన్ పీరియడ్ ఇచ్చారా? ఇంగ్లిష్ టీచర్ పోస్టు ఖాళీగా ఉంటే ఎన్నాళ్ల నుంచి?

విద్యార్థి సంఘాలు ఈ ప్రశ్నలతో మల్కాజ్‌గిరిలోని బడుల చుట్టూ ఒక్క వారం తిరిగితే చాలు, వినతిపత్రం దానంతటదే తయారవుతుంది. ఇవ్వాల్సిన చోటు కూడా తెలిసిందే. 2019లో మల్కాజ్‌గిరి ఎంపీగా గెలిచిన రేవంత్ రెడ్డి 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు, విద్యాశాఖను తన దగ్గరే ఉంచుకున్నారు. ఆ 270 నిమిషాల లెక్క ముందు ఆయన్నే అడుగుదాం.