తిలంగా అంటే ఎవరు?

గుంటూరు మిర్చి యార్డులో కూర్చున్నా, చిలకలూరిపేట టీకొట్టు దగ్గర నిలబడ్డా మిలట్రీ మాటొస్తే ఒకటే తీర్పు: "అది పంజాబోళ్ల పని, మనోళ్లకి పడదు." చదువుకున్నవాళ్లు దాన్నే చరిత్రగా చెబుతారు. నేను ఒప్పుకోను. అది మన స్వభావం కాదు, ఒక దొర రాసిపోయిన తీర్పు.

1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిలను ఆ ఊరి జనం 'తిలంగా'లన్నారు. వాళ్లలో ఎక్కువమంది అవధ్, బిహార్ వాళ్లే. మరి ఆ పేరెక్కడిది? అంతకు నూరేళ్ల ముందు మద్రాసు నుంచి ఈస్టిండియా కంపెనీ అధికారి క్లైవ్ ఓడల్లో బెంగాలుకు తీసుకెళ్లిన సిపాయిల్లో తెలుగువాళ్లున్నారు. వాళ్ల పేరే సిపాయికి పేరైపోయింది. అలాంటి జనానికి యుద్ధం పడదని ఏ నోటితో అంటారు? 1803 అస్సాయే పోరులో మద్రాసు పటాలాలు సంపాదించిన ఏనుగు గుర్తు నేటికీ మద్రాస్ రెజిమెంట్ టోపీ మీద ఉంది.

1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర మన సిపాయిలో పోరాట గుణం చచ్చిపోయిందని తేల్చాడు. 1897లో అచ్చైన ఆత్మకథలోనూ అదే రాశాడు. ఆయన చూసింది ఎవరిని? యుద్ధాలు చాలావరకు వాయవ్య సరిహద్దుకు మళ్లాక దశాబ్దాలుగా కంటోన్మెంట్లలో కాపలా కాస్తున్నవాళ్లను. జీతమా, నెలకు ఏడు రూపాయలు! ఇక్కడేమో 1855కల్లా బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పడింది, తెనాలి వైపు కాలవలు పారాయి. 1860లలో అమెరికా అంతర్యుద్ధంతో పత్తి ధర ఎగసింది. ఇంటి దగ్గర నాలుగు గింజలు పండుతుంటే ఏడు రూపాయలకు సిపాయిగా బర్మా పోనివాడు పిరికివాడా?

1882లో ఎనిమిది మద్రాసు పటాలాలు రద్దయ్యాయి. తర్వాత కొన్నింటిని పంజాబీలతో నింపేశారు. మిగిలినవాటిలో కొన్నింటిని 1922లో 3వ మద్రాస్ రెజిమెంట్‌గా కలిపి, 1928 నాటికి అదీ ఎత్తేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు కావలసి వచ్చేసరికి అదే రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. నిన్నటిదాకా లేని పౌరుషం అంతలో ఎలా వచ్చింది?

ఆ పాత సిపాయి కంపెనీ కోసం టిప్పు మీదికీ, మరాఠాల మీదికీ వెళ్లాడు. అది దాచాల్సిన పనిలేదు, దానికి ఊరేగింపులూ అక్కర్లేదు. కానీ పనిలోంచి తీసేసినవాడి మాట పట్టుకుని మనవాణ్ణి మనమే చేతకానివాడనడం నాకు కడుపు రగిలిస్తుంది.

2021 జూలైలో జమ్మూకశ్మీర్ రాజౌరి జిల్లా సుందర్‌బనీలో ఉగ్రవాదులతో పోరాడుతూ జవాను మరుప్రోలు జస్వంత్ కుమార్ రెడ్డి చనిపోయాడు. వయసు 23. పటాలం, 17 మద్రాస్. మరుసటి ఏడాది శౌర్యచక్ర ప్రకటించారు. సొంతూరు బాపట్ల దగ్గరి కొత్తపాలెం. "మనోళ్లకి పడదు" అన్న మాట ఆ ఊళ్లో నిలబడి అనండి.