కంచెమీద అడవినాభి



గత వర్షాకాలంలో ప్రార్థన కూడికకు ఒక పల్లెకు వెళ్లాము. ఆ యింటి పిల్లవాడు కంచె ప్రక్కన తవ్విన దుంపనొకటి తెచ్చి, “అమ్మా, చిలగడదుంప! కాల్చిపెట్టు” అన్నాడు. వాని నాయనమ్మ చూచీ చూడగానే చేతిలోనుండి లాగివేసింది. అది అడవినాభి దుంప. ఆ పూవును ఎన్నోసార్లు చూచిన మాకు దాని దుంప ఎలాగుంటుందో అంతవరకు తెలియదు. మీలోనూ కొందరు మావంటివారే ఉండవచ్చును.

అగ్నిశిఖ అనికూడ పిలిచే ఈ తీగకు ఆకు కొనయే మెలిదిరిగి ప్రక్క కొమ్మను పట్టుకుంటుంది. పూవు తల క్రిందికి వంచుకొన్నా, ఆరు రేకులు అలలవంటి అంచులతో పైకి విరిసి మంటలాగా నిలుస్తాయి. మొదట ఆకుపచ్చగా, తరువాత అడుగున పసుపుగా, పైన ఎరుపుగా, చివరకు అంతా ఎరుపుగా మారుతాయి.

దుంప నాగలిలాగా వంగి, రెండు పాయలుగా ఉంటుంది. సంస్కృతంలో ‘లాంగలి’ అనే పేరు అందుకే వచ్చింది. వానలు వెళ్లాక తీగ ఎండిపోతుంది. దుంప మాత్రం నేలలో బ్రతికియుండి తొలకరికి మళ్లీ మొలకెత్తుతుంది. ఆ మొలక దుంప కొననుండే వస్తుంది. మందులకోసం విచ్చలవిడిగా తవ్వుటవలన, కంచెలు నరికివేయుటవలన ఈ మొక్క అనేకచోట్ల అరుదైపోయింది. తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం. అక్కడి రైతులు విత్తనాలకోసం దీనిని సాగుచేస్తారు.

ఆ విత్తనాలనుండి తీసే కాల్చిసిన్ అనే పదార్థాన్ని గౌట్ అనే కీళ్లజబ్బుకు వైద్యులు బహుకొద్ది మోతాదులో ఇస్తారు. మోతాదు మించితే అదే ప్రాణం తీస్తుంది. మొక్క అంతా విషమే. దుంపలోను, విత్తనాలలోను మరీ ఎక్కువ. ఉడికించినా పోదు. తిన్న కొన్ని గంటలకు గొంతుమంట, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఎవరైనా తిన్నారని తెలిస్తే వాంతులు మొదలయ్యేవరకు ఆగవద్దు. నాటు విరుగుళ్లతో కాలం గడపక, తిన్న ముక్క మిగిలితే దానినికూడ తీసికొని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఆ నాయనమ్మ దుంపను పారవేయలేదు. మనుమని వెంటబెట్టుకొని కంచె దగ్గరకు వెళ్లి, ఆకు కొనను, పూవును చూపించి, దుంపను తీసిన గుంటలోనే పూడ్పించి, చేతులు కడిగించింది. మీ పిల్లలకుకూడ అలాగే చూపించండి. వారు దానిని గుర్తుపడితే నోట పెట్టరు, తవ్వరు. పిల్లలూ క్షేమంగా ఉంటారు, పూవూ మిగులుతుంది.