మోకాలికి నీలం పట్టీ

ఆటగాళ్ళ భుజాల మీదా, మోకాళ్ళ మీదా రంగురంగుల పట్టీలు అంటించి ఉండటం టీవీలో చూసే ఉంటారు. ఇప్పుడవి మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ మోకాళ్ళ మీదకీ వచ్చేశాయి. కైనీషియో టేప్ అంటారు. 1970లలో జపాన్‌లో కెంజో కాసే అనే ఆయన తయారుచేశారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కనిపించాక ఊరూరా తెలిసింది. సాగే నూలు బట్ట, వెనక జిగురు, అంతే. మందేమీ ఉండదు. అరిగిన కీలుని అది బాగుచెయ్యదు. కొందరికి నాలుగు రోజులు నొప్పి తగ్గినట్టుంటుంది, అదీ కొంచెమే.

అలాగని కొట్టిపారెయ్యను. అమెరికాలో కీళ్ళ డాక్టర్ల సంఘం 2019లో ఇచ్చిన సూచనల్లో, అరిగిన మోకాలికీ, చేతి బొటనవేలి మొదట్లో ఉండే కీలుకీ దీన్ని వాడి చూడొచ్చన్నారు. వ్యాయామం చెయ్యమనీ, బరువు ఎక్కువుంటే తగ్గమనీ మాత్రం గట్టిగా చెప్పారు.

బొటనవేలు అనగానే నాకు మన నర్సాపురం లేసు అల్లేవాళ్ళు గుర్తొచ్చారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. మారియా మీస్ అనే జర్మన్ ఆవిడ వాళ్ళ మీద 1982లో ఒక పుస్తకమే రాశారు. రోజంతా అల్లినా వాళ్ళని పనివాళ్ళ కింద కాకుండా ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఆడవాళ్ళ కిందే జమకట్టారని ఆవిడ వాదన. పనే లెక్కలోకి రానప్పుడు ఇక వేళ్ళ అరుగుదల ఎవరికి పడుతుంది?

నా గొడవ అంతా ఇక్కడే. మా అత్తగారికి మా మరిది కొడుకు టేపు తెచ్చి అంటించాడు. "ఇదేవిట్రా, గాలిపటం తోకలా" అని నవ్వారావిడ. రెండ్రోజులు గోడ పట్టుకోకుండా మెట్లు దిగారు. మూడోరోజుకి, మోకాలు బాగుందిగా అంటూ బుట్టెడు కొత్తపల్లి కొబ్బరి కాయలు తెచ్చి ముందు పెట్టారు, ఆవకాయకి. ఆవిడా కాదనకుండా పీట వాల్చుకున్నారు! ఆటగాడికైతే టేపుతో పాటు ఫిజియో ఉంటాడు, విశ్రాంతి ఉంటుంది. మన ఇళ్ళకి వచ్చింది టేపు ఒక్కటే.

అందుకే టేపు కొన్న రోజునే కింద పీట తీసేసి ఎత్తు స్టూలు వెయ్యాలంటాను. కత్తిపీట అటక మీద పెట్టేసి, కూరలు టేబుల్ మీద తరగాలి, ఎవరికి కుదిరితే వాళ్ళు. కుర్చీలో కూర్చుని కాలు చాపి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించడం రోజూ చేయిస్తే తొడ కండ బలపడుతుంది. కిలో బరువు తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. సరే, కానీ మిగిలిన అన్నం పారెయ్యలేక మధ్యాహ్నం రెండింటికి తినేది ఎవరో, ఆ సలహా చెప్పేవాళ్ళు ఒకసారి చూస్తే బావుణ్ణు.

రెండు చేతుల వేళ్ళ కీళ్ళూ వాచి, పొద్దున్న లేచాక గంటసేపు బిగుసుకుపోతుంటే మాత్రం అది అరుగుదల కాకపోవచ్చు. కీళ్ళవాతం ఆడవాళ్ళలోనే ఎక్కువ. దానికి మందులు వాడాల్సిందే, టేపులతో నెలలు గడపకండి. షుగరుతో కాళ్ళల్లో స్పర్శ తగ్గినవాళ్ళూ, చర్మం పలచబడ్డ ముసలివాళ్ళూ డాక్టరుని అడిగాకే అంటించుకోవాలి.

నూనో బామో రాసిన చర్మానికి టేపు పట్టదు. సబ్బుతో కడిగి, బాగా ఆరాక, మోకాలు వంచి ఉంచి అంటించాలి. మూలలు గుండ్రంగా కత్తిరించి, రెండు చివర్లూ సాగదీయకుండా అతికించాలి. మూడు నుంచి ఐదు రోజులుంటుందంటారు గానీ, మన ఎండాకాలం చెమటకి రెండో రోజే అంచులు లేస్తాయి. దురద పెట్టినా ఎర్రబడినా వెంటనే తీసెయ్యండి. తీసేటప్పుడు కొబ్బరినూనె రాసి మెల్లగా, సర్రున లాగకుండా. ఎవరి మోకాలికి వాళ్ళు సరిగ్గా అంటించుకోవడం కష్టం, ఆ పని ఇంట్లో మగపిల్లలకి నేర్పించండి.